సబ్బు పెట్టె మీది కాగితం

"సబ్బులే పంపుదాం," అన్నాడు ఎయికిచి, పరుపు మీద దిండ్లకి ఆనుకుని. "తువ్వాళ్ళు వద్దు. తువ్వాలైతే ఏళ్ళ తరబడి ఇంట్లో పడి ఉంటుంది. సబ్బు అరిగి నీళ్ళలో కలిసిపోతుంది. జబ్బు కూడా అలాగే పోవాలని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?"

అతని అక్క కినూ తను వండి తెచ్చిన ముల్లంగి కూర గిన్నె మీద మూత తీసి, మళ్ళీ పెట్టింది. సుమియె భర్త కాళ్ళ మీద దుప్పటి సర్దింది. సర్దడానికి అందులో ఏమీ లేదు.

"ముప్ఫై నాలుగు ఇళ్ళు. పేర్లన్నీ రాసే ఉంచాను. ఆసుపత్రికి వచ్చి చూసిన ప్రతివాళ్ళూ కవరు చేతిలో పెట్టి వెళ్ళారు. అందులో సగం ఖరీదుకైనా కానుక వెనక్కి పంపాలి కదా. నేనింటికొచ్చి అప్పుడే పన్నెండు రోజులైంది. ఇంకా ఆలస్యం చేస్తే, ఎయికిచికి తగ్గలేదు కాబోలు అనుకోరూ జనం?"

"అనుకుంటే అనుకోనీరా. ముందు ఒంట్లో కాస్త బలం రానీ," అంది కినూ.

"ఉత్త కడుపులో పుండు అక్కా. కోసి పారేశారు, అయిపోయింది. జూలైలో నది మీద చేపల వేట మొదలయ్యే రోజుకి నడుంలోతు నీళ్ళలో నిలబడి ఉంటాను, చూస్తుండు."

నడవలో కప్పు కింద కొక్కేలకి వేలాడుతున్న మూడు పొడుగాటి గుడ్డ సంచుల కేసి చూశాడు. అవి అతని గాలపు కర్రల సంచులు. ఒక్కో కర్రకి ఒక్కో ఏడాది సిగరెట్లు మానేస్తానని సుమియెకి మాటిచ్చి కొన్నాడు. కర్రలూ మిగిలాయి, సిగరెట్లూ మిగిలాయి.

"ఏమే, ఆ కవర్ల డబ్బు ఎక్కడ పెట్టావ్?"

"పోస్టాఫీసులో వేశానండీ."

"అయితే రేపు తీసుకురా."

"ఈ చలి కొంచెం తగ్గనీండి. మంచు కరిగాక తీరిగ్గా..."

"సబ్బుకి చలేమిటే?" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. సుమియె ఆప్రాన్ జేబులోంచి కాగితపు రుమాళ్ళ ప్యాకెట్టు తీసి గబగబా చేతికిచ్చింది. అతను నోరు తుడుచుకుని, ప్యాకెట్టు దిండు కింద పెట్టుకున్నాడు.

వంటగదిలోకి రాగానే కినూ కుళాయి పూర్తిగా తిప్పింది. ఆ చప్పుడు చాటున మాట్లాడటం ఈ అయిదు నెలల్లో వదినామరదళ్ళకి అలవాటైపోయింది.

"పోస్టాఫీసా? ఏదీ, నా మొహం చూసి చెప్పు."

"కాదు వదినా. కట్టేశాను."

"ఎక్కడ?"

"స్టేషను ఎదురుగా. ఆ మెట్ల పైన."

కినూకి అర్థమైంది. స్టేషను ఎదుట ఒకే ఇరుకు మెట్లదారిలో మూడు అంతస్తుల్లో మూడు వడ్డీ కంపెనీలున్నాయి. హామీ అక్కర్లేదు, మొగుడి సంతకం అక్కర్లేదు, నవ్వుతూ అప్పిస్తారు. మొదటిదాంట్లో ఆసుపత్రి బిల్లుకి తీసుకుంది సుమియె. దాని వడ్డీకి రెండోదాంట్లో, రెండోదాని వడ్డీకి మూడోదాంట్లో. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఆ పోట్లు మూడు తిన్నది. ఎముకలు అరగదీసుకుని మొదటిది తీర్చింది. పోయిన వారం రెండోదీ తీరింది, పరామర్శ కవర్లతో.

"జబ్బుపడ్డ మనిషిని చూసి నలుగురూ ఇచ్చిన డబ్బు పట్టుకెళ్ళి వడ్డీవాడి మొహాన కొట్టావా?"

"కొట్టకపోతే ఇంటికి ఫోను చేస్తామన్నారు. ఫోను ఆయన తల దగ్గరే ఉంది."

"నన్నడగొచ్చుగా!"

"అడిగాను వదినా, కొత్త సంవత్సరం ముందు. మీరు బుట్టెడు నారింజలు పంపారు."

కుళాయి పారుతూనే ఉంది. కినూ మూతి బిగించుకుని గిన్నె కడగడం మొదలుపెట్టింది. ఆమె మాత్రం ఏం చేస్తుంది, ఇద్దరు కూతుళ్ళతో విధవరాలు. కానీ పొడిచే మాట గుచ్చుకోక మానదు.

"అప్పని తెలిస్తే వాడు లేచి కూర్చోలేడు కూడా. మా నాన్న ఎవడికో హామీ ముద్ర వేసి ఇల్లు పోగొట్టుకున్నప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. ఆ రోజు సామాను బండి తోసినవాడు."

"తెలుసు. అందుకే చెప్పలేదు."

"చెప్పకు కూడా. డాక్టరు చెప్పిన మాటా చెప్పకు. వేసవి దాటడని మనిద్దరికే చెప్పాడు. మనిద్దరితోనే ఉండాలది."

"మరి ఈ సబ్బులు? 'పూర్తిగా కోలుకున్నాను' అని ఆయన పేరుతో కాగితం చుట్టి ముప్ఫై నాలుగు ఇళ్ళకి పంపాక, వేసవిలో వాళ్ళంతా నల్లబట్టలు కట్టుకుని మళ్ళీ మన గుమ్మంలోకి రావాలా వదినా? ఆ కాగితం చుట్టడానికి నాకు చేతులెలా వస్తాయి?"

"చేతులు రావాలి. లేకపోతే ఏం రాయిస్తావ్? తెల్లకాగితం మీద 'పరామర్శకు కృతజ్ఞతలు' అనా? అది మనిషి పోయిన ఇంటివాళ్ళు పంపేది. లేదా ఇంక పోతాడని తెలిసినవాళ్ళు. చూడగానే వాడికి తెలిసిపోదూ? ఎర్ర ముడి ఉండాలి. మళ్ళీ విప్పడానికి వీల్లేకుండా బిగించిన ముడి. జబ్బు మళ్ళీ రాకూడదని వేసే ముడి అది. వాడు దాన్ని కళ్ళారా చూడాలి."

"డబ్బు?"

"నా దగ్గర లేదు," అంది కినూ. తడిచేత్తోనే కళ్ళు తుడుచుకుంది. "ఉంటే ఇవ్వనా, సుమియె? నా తోడబుట్టినవాడు."

గదిలోంచి ఎయికిచి కేకేశాడు. "ఎంతసేపు కడుగుతారే ఆ ఒక్క గిన్నె!"

*

ఆ తర్వాత ఎయికిచి సబ్బుల మాట ఎత్తలేదు. శుక్రవారం గడిచింది, శని, ఆదివారాలు గడిచాయి. రోజూ పొద్దున అడుగుతాడేమోనని భయపడుతూనే సుమియె గంజి గిన్నెతో లోపలికి వెళ్ళేది. అతను గంజి తాగి, పేపరు చదివి, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అడిగితే ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. అడగని మనిషికి ఏం చెబుతాం?

"సబ్బుల సంగతి..." అని ఒకసారి తనే మొదలుపెట్టింది.

"ఊఁ. చూద్దాంలే," అన్నాడు.

గోడకి అవతల షెడ్డు. నవంబరు నుంచి పాలిష్ చక్రం ముందు ఎయికిచి కూర్చునే పీట మీద సుమియె కూర్చుంటోంది. పట్టణమంతా చెంచాలు, ఫోర్కులు చేసి బతికే పట్టణం. ఒక ఇంట్లో అచ్చు కొడతారు, ఒక ఇంట్లో వంచుతారు, వీళ్ళింట్లో మెరుగు పెడతారు. చక్రం తిరుగుతుంటే నల్లటి దుమ్ము రేగుతుంది. సాయంత్రానికి ఆమె మొహంలో కళ్ళూ పళ్ళూ తప్ప ఇంకేమీ కనిపించవు. ఏడవడానికి ఆ షెడ్డంత మంచి చోటు ఊళ్ళో ఇంకొకటి లేదు. చక్రం మోతలో ఎవరికీ వినపడదు, ముక్కుకి కట్టిన గుడ్డ కన్నీళ్ళు పీల్చుకుంటుంది. సుమియె రోజూ కొంచెం కొంచెం అక్కడే ఏడుస్తుంది. పని మాత్రం ఆపదు.

సోమవారం మధ్యాహ్నం గంజి తాగుతూ ఎయికిచి అన్నాడు, "కాడ దగ్గర మరీ నొక్కుతున్నావు. చెంచా అరుస్తోంది."

"ఇక్కడికి వినిపిస్తోందా?"

"ముప్ఫై ఏళ్ళు విన్న చెవులు. మొగుడి మాట ఎలాగూ వినవు, చెంచా మాటైనా విను. చక్రం పాడుతున్నట్టుండాలి, ఏడుస్తున్నట్టు కాదు."

ఆమె తల వంచుకుంది. ఏడుపన్నది చక్రం గురించేనా?

"ఇప్పుడెంతిస్తున్నాడు టోకు వ్యాపారి?"

"ఒక్కోదానికి తొమ్మిది యెన్లు. అమెరికా ఆర్డర్లు తగ్గాయిట."

"అమెరికావాళ్ళు చెంచాలు మానేసి చేత్తో తింటున్నారా ఏమిటి?"

ఇద్దరూ నవ్వారు. అలా కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆ నవ్వులోనే చెప్పేద్దామా అనిపించింది ఆమెకి. అప్పు సంగతీ, డాక్టరు సంగతీ, రెండూ ఒక్కసారే, వాంతి చేసుకున్నట్టు. నోరు తెరిచింది.

"ఏమిటి?" అన్నాడు ఎయికిచి. అతనూ ఆమెవైపే చూస్తున్నాడు, ఏదో ఎదురుచూస్తున్నట్టు.

"ఇంకొంచెం గంజి పొయ్యమంటారా?"

"వద్దు," అని గిన్నె కింద పెట్టేశాడు.

*

గురువారం ఆమె మెరుగు పెట్టిన చెంచాల డబ్బాలు టోకు వ్యాపారికి అప్పజెప్పి, అటునుంచి అటే స్టేషనుకి నడిచింది. ఆ మెట్ల కింద ఎప్పటిలాగే ఒక పిల్ల నిలబడి, వచ్చేపోయేవాళ్ళకి కాగితపు రుమాళ్ళ ప్యాకెట్లు పంచుతోంది. ప్యాకెట్టు ఉచితం. లోపల కంపెనీ పేరూ ఫోను నంబరూ అచ్చేసిన చీటీ ఉంటుంది. సుమియె రుమాళ్ళు కొనడం మానేసి నెలలైంది. చీటీ లాగి పారేసి, ప్యాకెట్టు ఇంటికి తీసుకెళ్తుంది.

నాలుగు మెట్లెక్కింది. పైన తలుపు తెరుచుకుంది. రెండో కంపెనీ గుమస్తా, పాతికేళ్ళ కుర్రాడు, ఆమెను చూసి మొహమంతా నవ్వు చేసుకుని, నడుం వంచి, ఇంటిపేరుతో పలకరించాడు.

"మరుయమ గారా! రండి, రండి. చలిగా లేదూ? వేడి టీ తాగుదురు గాని. మీలాగా వేళకి కట్టినవాళ్ళకి మా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందండీ."

ఆ ఊళ్ళో ఆమెను చూసి అంత సంతోషపడిన మనిషి అయిదు నెలల్లో ఇంకొకడు లేడు. చలిగా లేదూ అని అడిగినవాడూ లేడు. దానికే ఆమె కాళ్ళు ఇంకో రెండు మెట్లెక్కాయి.

"ఈసారి ఎంత కావాలండీ?"

ఎంత కావాలో ఆమెకి తెలియదు. ముప్ఫై నాలుగు సబ్బు పెట్టెలు ఎంతవుతాయో ఇంకా ఎవరినీ అడగలేదు. "ధర కనుక్కుని వస్తాను," అంది.

"తప్పకుండా. సాయంత్రం అయిదింటి దాకా ఉంటాను."

రోడ్డుకి అవతలే హిరసావా కొట్టు. టీ ఆకూ కానుకలూ అమ్ముతాడు. ఎయికిచికి చేపల వేటలో జోడీ. సుమియె తలుపు తోయగానే అతను లేచి నిలబడ్డాడు.

"అయ్యో, మీరే వచ్చేశారా? రేపు వ్యానులో తెద్దామనుకున్నాను."

అతని వెనక గోడవారగా సబ్బు పెట్టెలు పేర్చి ఉన్నాయి. లెక్కపెట్టకుండానే ముప్ఫై నాలుగని తెలిసిపోయింది.

"ఇవి... ఎవరు చెప్పారు మీకు?"

"ఆయనే. శనివారం ఫోను చేశారు. మీరు చెంచాలివ్వడానికి వెళ్ళే వేళ చూసి రమ్మన్నారు. అదే రోజు వెళ్ళాను."

"డబ్బెక్కడిది?"

హిరసావా మెడ గోక్కున్నాడు. "కర్రలమ్మా. మూడూ నాకిచ్చేశారు. నేను వద్దన్నాను. సబ్బులు ఉత్తినే ఇస్తానన్నాను. 'ఉత్తినే తీసుకుంటే మళ్ళీ నీకో సబ్బు పెట్టె పంపాలిరా, అంత ఓపిక లేదు' అన్నారు. సంచులు మాత్రం కొక్కేలకే ఉంచమన్నారు. మీరు తలెత్తి చూస్తే బోసిగా కనిపించకూడదని."

సుమియె కొట్లోని బల్ల మీద కూర్చుండిపోయింది. అయిదు రోజులుగా ఆ సంచుల కింద నుంచే అటూ ఇటూ తిరిగింది. ఒక్కసారి చెయ్యెత్తి తాకి ఉంటే తెలిసేది.

హిరసావా ఒక పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఒకటి ముందు ఇంటికి తీసుకెళ్ళి చూపించండి. కాగితం ఆయనకి నచ్చితే మిగతావి చుట్టేస్తాను."

తెల్లకాగితం. పైన ఎక్కడా ఎర్ర ముడి లేదు. నల్లసిరాతో నిటారుగా ఒకటే వరస రాసి ఉంది: పరామర్శకు కృతజ్ఞతలు. కింద ఎయికిచి పేరు.

"పొరపాటు పడ్డారు," అంది సుమియె. "ఇది కాదండీ. కోలుకున్నవాళ్ళది వేరే. ముడి ఉంటుంది."

"ఇరవయ్యేళ్ళుగా ఇదే వ్యాపారమమ్మా, నాకు తెలియదా? మూడుసార్లు అడిగాను. మూడోసారి కోప్పడ్డారు. 'నేను చెప్పింది రాయి, పోయేవాడితో బేరమాడకు' అన్నారు." హిరసావా మొహం తిప్పుకున్నాడు. "ఇంకోటి. కర్రల ధరలో సబ్బులు పోగా మిగిలింది మీకివ్వమన్నారు. ఇంటి దగ్గర కాదు, ఇక్కడే, మీ చేతికే."

అతనిచ్చిన కవరు విప్పింది. నోట్లు. మూడో కంపెనీ బాకీకి కాస్త తక్కువ. నోట్ల మధ్య నుంచి బొటనవేలంత చీటీ ఒకటి ఒళ్ళో పడింది. కంపెనీ పేరు, ఫోను నంబరు. ఎప్పుడో ఒక ప్యాకెట్టులోంచి లాగడం మరిచిపోయిన చీటీ.

ఎయికిచికి అప్పు సంగతి తెలుసు. చావు సంగతీ తెలుసు. ఎప్పటినుంచి? ఆమె అతని కోసం అబద్ధాలాడుతూ ఒంటరిగా చచ్చిపోతున్న ఆ రోజులన్నీ, గోడ అవతల అతనూ అదే పని చేస్తున్నాడు. జూలై అన్నాడు, నది అన్నాడు, నడుంలోతు నీళ్ళన్నాడు. అవన్నీ ఆమె కోసం అన్న మాటలు. ఒక్కసారిగా భర్త మీద ఆమెకి పట్టలేనంత కోపం వచ్చింది. ఆ వెనకే ఏడుపు వచ్చింది. ఇక్కడ చక్రం మోత లేదు గనక దాన్ని మింగేసింది.

బయటికొచ్చింది. ఎదురుగా మెట్ల పైన తలుపు ఓరగా తెరిచే ఉంది. అటు చూడకుండా ఇంటిదారి పట్టింది.

*

చూరు మీది మంచు కరిగి బొట్లు బొట్లుగా పడుతోంది. నడవలో ఆగి, చెయ్యెత్తి ఒక సంచిని పట్టుకుంది. మెత్తగా నలిగింది. వదిలేసింది.

"వచ్చావా? ఏమిటా చేతిలో?" అన్నాడు ఎయికిచి.

"సబ్బులు. హిరసావా గారిచ్చారు."

"ఆహా." కాసేపు కప్పుకేసి చూశాడు. "కాగితం మీద ఏం రాశాడు? చదువు. కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయాను."

కళ్ళజోడు అతని చొక్కా జేబులోనే ఉంది. ఒక కాడ బయటికి కనిపిస్తోంది. ఆమె చూడనట్టే పక్కన కూర్చుంది. పెట్టె ఒళ్ళో పెట్టుకుంది. అతను అంత కష్టపడి చెప్పించిన నిజం అది. చదివితే ఇద్దరూ ఒకచోటికి చేరతారు. చదివితే అది నిజమైపోతుంది కూడా.

"'పూర్తిగా కోలుకున్న సందర్భంగా...'" చదివింది. "'మరుయమ ఎయికిచి.'"

చూరు నుంచి బొట్లు పడుతూనే ఉన్నాయి.

"ముడి?"

"ఉంది. ఎర్రది. విప్పడానికి వీల్లేనిది."

ఎయికిచి కళ్ళు మూసుకున్నాడు. "హిరసావా చేతిరాత బాగుంటుంది," అన్నాడు. ఆమె పెట్టె పక్కన పెట్టి లేవబోయింది.

"కూర్చో."

మోచేతి మీద మెల్లగా లేచి, దిండుకి ఆనుకున్నాడు. ఊపిరి కూడదీసుకుని, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. పెట్టె కోసం చెయ్యి చాపలేదు. ఆమె మొహంలోకే చూశాడు.

"ఇంకోసారి చదువు," అన్నాడు.